గొర్రెలకందని తొట్లు

కృష్ణకుమారి పేరు వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ఇద్దరం ఎంపీడీవోలం, పక్కపక్క మండలాలు. కలెక్టర్ మీటింగులో మెచ్చుకోలు మాత్రం ఎప్పుడూ ఆమెకే. నేను పళ్లు నూరుకుంటూ చప్పట్లు కొట్టేవాణ్ణి.

ఆ ఏడు జిల్లా ఆఫీసులో ఒక పెద్ద పోస్టు ఖాళీ అయింది. వస్తే ఆమెకు, లేదంటే నాకు. "ఈసారన్నా మనకొస్తాదా?" అని నా భార్య నాగవేణి అడిగిన ప్రతిసారీ నాకు అన్నం సయించేది కాదు.

అప్పుడే తొట్ల గొడవ వచ్చిపడింది. ఉపాధి హామీ డబ్బుతో మా రెండు మండలాల్లోనూ పశువులకు నీటి తొట్లు కట్టించాం. డ్రాయింగు ఎవరో కోస్తా వైపు గేదెల కోసం గీసింది. ఇద్దరం చూసుకోకుండా సంతకాలు పెట్టేశాం. మావేమో గొర్రెల ఊళ్లు. తొట్టినిండా నీళ్లున్నా గొర్రె మూతి అందదు.

సామాజిక తనిఖీ సభ ముందు ఆమె మండలంలో పడింది. షామియానా కింద ఊరివాళ్లు అడుగుతుంటే ఆఫీసర్లు లేచి జవాబు చెప్పాలి. ఆమె పరువు పోతుంటే కళ్లారా చూడాలని సెలవు పెట్టి మరీ మా మార్కాపురం నుంచి వెళ్లి, వెనక కుర్చీలో కూర్చున్నాను.

గొర్రెల కాపరి యల్లయ్య లేచాడు. "మా జీవాలు నీళ్లు చూసుకుంటా దప్పికతో నిలబడతాండాయి. ఇది ఎవురు చేసిన పని?"

కింది ఉద్యోగి మీదికి తోసేస్తుందనుకున్నాను. ఎవరైనా చేసేది అదే కదా! కృష్ణకుమారి మైకు అందుకుంది.

"సంతకం నాది పెద్దాయనా. ఇవి గొర్రెల ఊళ్లని నేను చూసుకోవాల్సింది. మా వాళ్లనేమీ అనొద్దు. కొట్టి మళ్లా కట్టే ఖర్చు నా జీతంలో కోసుకోమని రాసిచ్చినాను."

తిట్టడానికి లేచిన యల్లయ్యే, "ఎంతసేపు నిలబడతావు, కూచోమ్మా" అన్నాడు. ఛీ! తప్పు చేసి కూడా మర్యాద కొట్టేసింది మహాతల్లి.

తర్వాతి వారం మా సభ. అదే ప్రశ్న అడిగారు. మా టెక్నికల్ అసిస్టెంటు మహేష్‌ను చూపించి, "అంతా ఇతని పని. నాకు తెలియకుండా కట్టించినాడు" అన్నాను. "ధనుంజయ సార్, మీరే కదా..." అని మహేష్ గొణిగాడు. అతని ఉద్యోగం పోయింది. ఆమెకు చార్జిమెమో, బదిలీ వచ్చాయి. నాకు ప్రమోషన్ వచ్చింది. నాగవేణి వీధంతా మైసూర్‌పాకులు పంచింది.

కొత్త జీపులో తనిఖీకని మొదట ఆమె పాత మండలానికే పోయాను. అడవి దారి పక్కన తొట్టిని కొట్టి, కిందికి దించి కట్టారు. గొర్రెలు వరసగా తాగుతున్నాయి. వాటిని కాసే కొండమ్మ పక్కన నిలబడి ఉంది.

"ఇది కృష్ణకుమారమ్మ తొట్టి నాయనా" అంది. "ముందు తప్పు కట్టించింది. మళ్లా తనే సరిచేయించింది. ఆ యమ్మ యాడున్నా సల్లంగుండాల."

తప్పు కట్టిన తొట్టికి కూడా ఆమె పేరేనా! నేనూ కట్టించాను, ఆమెకన్నా ఎక్కువే కట్టించాను అని అరవాలనిపించింది.

కొండమ్మ నన్నూ జీపునూ ఎగాదిగా చూసింది. "నువ్వూ పెద్ద ఆఫీసరువే గదా. నువ్వేమన్నా కట్టించినావా నాయనా?"

పక్కనే, మా మండలం నుంచి నాతోనే వచ్చిన డ్రైవరు ఉన్నాడు. ఆనాడు మా సభలో 'నాకు తెలియకుండా కట్టించినాడు' అని నేనంటుంటే నా ముందు మైకు పట్టుకుని నిలబడింది అతనే.

"లేదమ్మా" అన్నాను. "నేనేమీ కట్టించలేదు."