గుమ్మం ముందు రైలు

కామావ్ అంటే వియత్నాంకు దక్షిణపు కొస. అక్కడ కాలవలు, పడవలు, పీతలు కావలసినన్ని. రైలు పట్టా మాత్రం లేదు. పెళ్లీడుకొచ్చినా లువా ఇంతవరకు రైలును కళ్లతో చూడలేదు. "నువ్వు చూసేదేమిటే, రైలే వచ్చి నిన్ను చూడాలి" అని అన్న ఏడిపించేవాడు. అందుకే వీపుకు సంచి తగిలించుకుని హనోయ్ వచ్చింది.

సరస్సు చూసింది. మోటారు సైకిళ్ల వరదలో వీధులు దాటింది. గుడ్డు కాఫీ తాగి మూతి తుడుచుకుంది. ఇక మిగిలింది ఇళ్ల గుమ్మాలను రాసుకుంటూ రైలు పోయే సందు. సాయంత్రం తిరుగు బస్సు. లువా పరుగులాంటి నడకతో వచ్చింది.

సందు మొదట్లో అడ్డగడ ఉంది. దాని దగ్గర కాపలాదారు త్వాన్ ఈల ఊదుతున్నాడు.

"వెనక్కి, వెనక్కి! ఇక్కడ కాపురముండేవాళ్లకే లోపలికి."

"ఒక్క రైలు బాబాయ్. చూసి పోతాను."

"అందరూ ఒక్క రైలే అంటారమ్మా."

"మా ఊళ్లో రైలు లేదు బాబాయ్!"

"మా ఊళ్లో సముద్రం లేదు. నేనేమన్నా ఏడ్చానా?"

చుట్టూ ఉన్న సంచులవాళ్లు నవ్వారు. లువాకు మాత్రం కాళ్లు నిలవడం లేదు. గడ మీద నుంచి మెడ చాచింది. పట్టాల మధ్య పీట వేసుకుని ఒకామె ఆకుకూర ఒలుస్తోంది. పక్కనే ఒకాయన కుర్చీలో కూర్చుని క్షవరం చేయించుకుంటున్నాడు. తీగ మీద బట్టలు ఆరుతున్నాయి.

దూరంగా కూత వినిపించింది.

ఆరబోసిన ధాన్యం మీద చినుకు పడితే కళ్లంలో ఎంత హడావిడో, సందంతా అంతయింది. కుర్చీలు, బట్టలు, పీటలు ఇళ్లలోకి పోతున్నాయి. సగం గడ్డంతో ఉన్నాయన లేచి పరిగెత్తాడు. గడకు దగ్గరలోనే ఒక ముసలమ్మ పీతల చారు కాగే గంగాళాన్ని ఒక చెవి పట్టి లాగుతోంది. అది కదలలేదు.

"ఒసే సంచీ పిల్లా! గుడ్లప్పగించి చూస్తావేం? రెండో చెవి పట్టు!"

లువా గడ కింద నుంచి దూరింది.

"ఏయ్!" త్వాన్ అరిచాడు.

"నా మనవరాలు లేవయ్యా!"

"ఆ దక్షిణాది యాసతో నీకు మనవరాలెలా అయింది థిన్ అవ్వా?"

"నా కూతురు దక్షిణాదివాణ్ణి చేసుకుంది. నిన్నడిగి చేసుకోవాలా?"

ఇద్దరూ గంగాళాన్ని గుమ్మం లోపలికి చేర్చారు. "గోడకానుకో! సంచి తీసెయ్!" అంది అవ్వ. నేల వణికింది. గిన్నెలు గలగలమన్నాయి. ఇనుప వాసనతో వేడిగాలి మొహాన కొట్టింది. ఇల్లంతా ఊడిపోతుందా అన్నంత చప్పుడయింది. తర్వాత ఏమీ లేదు. ఎదురింటివాళ్లు అప్పుడే పీటలు బయట వేస్తున్నారు.

"ఎలా ఉంది మా రైలు?"

"అవ్వా... కళ్లు మూసుకున్నాను."

థిన్ అవ్వ నవ్వలేక నేలమీద కూలబడింది. "వినండర్రా! దేశం ఆ కొస నుంచొచ్చి కళ్లు మూసుకుందట!"

సందు సందంతా నవ్వింది. సగం గడ్డమాయన మరీను.

"ఏడింటికి ఇంకోటుంది" అంది అవ్వ, కళ్లు తుడుచుకుంటూ.

"నా బస్సు ఆరింటికి."

అవ్వ ఉల్లిపాయల బుట్ట ముందుకు జరిపింది. లువా సంచి వైపు చూసింది, పట్టాల వైపు చూసింది. బస్సుదేముంది, రేపూ ఉంటుంది. కత్తి అందుకుంది.

చీకటి పడే వేళకు త్వాన్ చారు తాగడానికి వచ్చాడు. "ఇంకా పోలేదా, మనవరాలా?"

"పోలేదు బాబాయ్."

"ఈసారి కళ్లు మూశావో, నేనే గడ బయటికి గెంటుతా."

కూత వినపడింది. గంగాళం లోపలికి చేరింది. లువా గుమ్మంలో నిలబడింది, వెనక నుంచి అవ్వ ఆమె చొక్కా గట్టిగా పట్టుకుంది. వంపు తిరిగి వెలుగొచ్చింది. గోడలన్నీ పసుపు రంగయ్యాయి. లువా రెప్ప వేయలేదు. ఇనుప ముక్కు, చక్రాలు, ఒకటి వెనక ఒకటి కిటికీలు, ఆ కిటికీల్లో మనుషులు!

"అవ్వా! ఒకాయన కమలాపండు ఒలుచుకుంటున్నాడు! రైల్లో కూచుని! నాకేసి చూశాడు అవ్వా!"

"రోజూ ఎవడో ఒకడు ఒలుస్తూనే ఉంటాడు" అంది అవ్వ, చొక్కా వదలకుండానే. "చెవి పట్టు. చారు చల్లారిపోతోంది."