సముద్రానికి పెట్టిన చీర

సముద్రం చూడబోయే లసుమవ్వ సంకలో ఒక మూట ఉంది. ఎందుకే అని కొడుకు దేవదాస్ అడిగితే, "అటుకులురా, ఆకలైతే తినవా?" అని నోరు మూయించింది. అటుకుల కింద ఆకుపచ్చ చీర ఉంది.

ఆ చీర వెనక ఒక మొక్కు ఉంది. తొంభై ఆరులో, సిరిసిల్లలో అటు నక్సలైట్ అన్నల భయం, ఇటు పోలీసుల భయం. సాంచెల, అంటే మరమగ్గాల షెడ్డులో ఎవరో అన్నల కరపత్రాలు దాస్తే, అక్కడ బట్ట నేసే దేవదాస్‌ను పోలీసులు పట్టుకుపోయారు. దాచినవాడు నోరు విప్పలేదు. "చేసినోని నోరు పడిపోను!" అని లసుమవ్వ వాకిట్లో మన్నెత్తి పోసి శపించింది. కొడుకు తిరిగొస్తే గంగమ్మకు చీర పెడతానని మొక్కింది. పదకొండో నాడు కుంటుకుంటూ వచ్చాడు. ఆ నెలలోనే తల్లీకొడుకులు బతకడానికి ముంబై దగ్గరి భివండి వెళ్లిపోయారు; మొక్కు బాకీ పడిపోయింది.

కొంకణ తీరాన పడవ నడిపే పోశం కూడా తెలంగాణవాడే, సారంగాపూర్ దిక్కు మనిషి. డాల్ఫిన్లను చూపిస్తానని పిలిచింది అతనే.

"అవ్వా, ముందుగాల్నే చెప్తున్న. ఇంజను బంద్ పెడ్త. ఎంబడి పడేది లేదు, లొల్లి జేసేది లేదు. నీళ్లల్ల ఏమి ఎయ్యద్దు. వాటికి ఇష్టముంటే అస్తయి."

"గా చాపలకు గింత మర్యాదేందిరా? మా అల్లునికి గూడ గింత జెయ్యలే!"

"చాపలు కావే అవ్వా. పిల్లలకు పాలిచ్చి సాదుకుంటయి. మనలెక్కనే ఊపిరి తీసుకోను పైకి రావాలె."

పడవ ఆగింది. కాసేపటికి డాల్ఫిన్లు వాటంతట అవే వచ్చాయి. తల్లి పక్కనే పిల్ల. అందరూ అటు చూస్తుండగా లసుమవ్వ ఇటు పక్క చీరను నీళ్లలోకి జార్చి దండం పెట్టుకుంది. సముద్రమూ గంగమ్మే, గోదారిలో వదిలినట్టే అనుకుంది. కానీ అది నూలు చీర కాదు. సాంచె మీద నేసిన పాలిస్టర్, నాని చివికేది కాదు, కుళ్లేది కాదు.

ఇంతలో పిల్ల ఒంటికి ఏదో పచ్చగా చుట్టుకుంది. అది పైకి లేవలేక మునిగిపోతోంది. తల్లి మూతితో నెడుతోంది, చుట్టూ తిరుగుతోంది. పోశం ముఖానికి అద్దం, నోటికి గాలి గొట్టం తగిలించుకుని చప్పుడు కాకుండా దిగాడు. తేలుతున్న కొంగు పట్టుకుని మెల్లగా లాగాడు. పిల్ల పైకి వచ్చి బుస్సుమని ఊపిరి విడిచింది.

పోశం తడి చీరను పడవలో విసిరికొట్టాడు. దూరంగా గిరాకులతో ఆగిన ఇంకో పడవవాణ్ణి మరాఠీలో తిట్టి, ఇటు తిరిగాడు. "వాని గిరాకులే ఏసిండ్రు. ఇయ్యాల పంచాయితిల వాని పడవ బంద్ చేపియ్యకుంటే నా పేరు పోశం గాదు!"

ఆ పడవవాడు రెండు చేతులూ జోడించి, మేము కాదని మొత్తుకుంటున్నాడు. దేవదాస్ చీర అంచు చూశాడు. సాంచె మీద తాను నేసిన అంచే. తలదించుకున్నాడు. లసుమవ్వ కూడా పెదవి విప్పలేదు.

చదివే తల్లులారా, తండ్రులారా, తప్పు చేసిన క్షణం కంటే ఆ నోరు మూసుకున్న క్షణమే ఆమెను ఎక్కువ కాల్చింది. వాకిట్లో తాను మన్నెత్తి తిట్టినవాడు ఎవడో, ఇవాళ తానే వాడైంది.

"పోశం, వాన్ని అనకురా. గా చీర నాది. నేనే ఏసిన."

"గంగమ్మ మొక్కు గదరా..." అని మధ్యలోనే ఆగిపోయింది. సాకు చెప్పడానికీ సిగ్గేసింది. పడవను వాళ్ల దగ్గరకు పోనిమ్మంది. కొడుకు వయసున్న ఆ పరాయివాడి ముందు చేతులు జోడించి, "తప్పు నాది కొడుకా" అంది. మాట అర్థం కాకపోయినా వాడు ఆ చేతులు పట్టుకున్నాడు.

ఒడ్డుకు వచ్చేదాకా లసుమవ్వ తలెత్తలేదు. దిగేటప్పుడు పోశం చెయ్యందించి, మెల్లగా అన్నాడు:

"గంగమ్మ నిన్ను చీర అడగలేదవ్వా. ఆమె ఇంటికి పోయినప్పుడు ఆమె పిల్లల్ని బతకనియ్యాలె, తప్పు జేస్తే మనదని ఒప్పుకోవాలె. గంతకన్న పెద్ద మొక్కు లేదు."