నేల కింద ఉన్ని

జూన్‌లో చలి ముదిరాక వెర్నా పొద్దున్నే వంటింట్లోకి నేరుగా అడుగు పెట్టేది కాదు. గుమ్మంలో నిలబడి ముందు నేల చూసుకునేది. చెక్కల మీద పల్చగా మంచు పేరుకుని ఉండేది. అందులో పెరటి తలుపు నుంచి పొయ్యి దాకా తొమ్మిదేళ్ళ పిల్ల అడుగులు. ఎడమ బొటనవేలు కాస్త లోపలికి తిరిగి ఉంటుంది. అవి చూశాకే టీకి నీళ్ళు పెట్టేది.

జూన్‌లో చలికాలం వచ్చే దక్షిణార్ధగోళపు ఊరు రాన్‌ఫర్లీ. అక్కడ నేల చల్లగా ఉన్న ఏ ఇంటికైనా పోయినవాళ్ళు అలా వచ్చిపోతూనే ఉంటారు. "మా నాన్న ఈ ఏడు ఆలస్యం చేశాడు" అని కొట్లో చెప్పుకుంటారు. వెర్నా కూతురు మొరాగ్ మాత్రం ఐదేళ్ళుగా ఒక్క చలికాలమూ తప్పలేదు.

అయితే వెర్నా మొగుడు డెస్‌కి రెండేళ్ళలో రెండుసార్లు నిమోనియా వచ్చింది. వాళ్ళది మొద్దుల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు. చెక్కలకీ మట్టికీ మధ్య మనిషి పాకేంత ఖాళీ. చలంతా అందులోంచే తన్నుకొస్తోందని, దాన్ని ఆపకపోతే లాభం లేదని డాక్టరు చెప్పేశాడు.

"ఇంకో చలికాలం నా ఛాతీ ఓర్చుకోదే," అన్నాడు డెస్.

"అది నీ కూతురు కాదూ?"

"కాదన్నానా? నేను కూడా పోయి, మంచులో అడుగులేసుకుంటూ వస్తే నీకు హాయిగా ఉంటుందా?"

శనివారం డెస్ ఇంటి పక్కనున్న చిన్న తలుపు తీసి, దగ్గుకుంటూ, పొట్ట మీద పాకుతూ లోపలికి దూరాడు. మట్టి మీద ప్లాస్టిక్ పట్టా పరిచాడు. వెర్నా బయటినుంచి చలిని ఆపే ఉన్ని చుట్టలు అందిస్తుంటే ఒక్కొక్కటే దూలాల మధ్య కూరాడు.

"పెరటి తలుపు దగ్గర కాస్త వదిలేయనా?" కిందినుంచి అడిగాడు.

"ముష్టి వేస్తున్నావా? మొత్తం కప్పెయ్."

తెల్లారేసరికి నేల వెచ్చగా ఉంది. మంచు లేదు, అడుగులూ లేవు. డెస్‌కి దగ్గు తగ్గింది. మేజోళ్ళు లేకుండా ఇల్లంతా తిరుగుతుంటే, ఆ ఉత్త పాదాలు చూసి ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

నాలుగో రోజు పొద్దున గేటు దగ్గర నోలీన్ నిలబడింది. వీధికి అవతలి ఇల్లు ఆమెది. ఐదేళ్ళ కిందట గడ్డకట్టిన రోడ్డు మీద జారి మొరాగ్ మీదికి వెళ్ళిన ట్రక్కు నడిపింది ఆమే. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"మా ఇంటికొస్తోంది వెర్నా. మూడు రోజులైంది. ఎడమ బొటనవేలు..."

"ఎక్కడిదాకా?"

"నా మంచం దాకా."

వెర్నా గేటు ఊచ పట్టుకుంది.

"సోమవారం నా నేల కింద కూడా ఉన్ని వేయడానికి మనుషులొస్తున్నారు," అంది నోలీన్. "ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఐదేళ్ళు శాపనార్థాలు పెట్టిన నోటితోనే వెర్నా ఆమెని బతిమాలుకోవాల్సి వచ్చింది.

"రావద్దని చెప్పు వాళ్ళకి."

"మరి రోజూ పొద్దున్నే ఆ అడుగులు నేను చూడాలి కదా."

"చూడు," అంది వెర్నా. "నేనూ వస్తాను."

మర్నాడు ఏడింటికల్లా వీధి దాటింది. రెండు స్వెట్టర్లు వేసుకుని కూడా వణుకుతున్న నోలీన్ తలుపు తీసి పక్కకి తప్పుకుంది. అడుగులు ఎక్కడా ఆగకుండా పడగ్గదిలోకి వెళ్ళి, మంచం పక్కన జంటగా నిలిచాయి. చాలాసేపు నిలబడినట్టు అక్కడ మంచు గట్టిగా నొక్కుకుపోయింది.

"మా ఇంట్లో ఒక్కరోజు కూడా నా మంచం దాకా రాలేదు," అంది వెర్నా.

నోలీన్ ఆ అడుగులు చెరగకుండా గోడవారగా నడిచి వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి వేసింది.

వెర్నా కూర్చోలేదు. ఆ చలికాలమంతా రోజూ వచ్చి, నిలబడే చూసి వెళ్ళింది.