మంచిగనే ఉన్న

సౌందర్య వనపర్తి డిపోలో కండక్టరు. పెబ్బేరు, బీచుపల్లి మీదుగా గద్వాలకు పోయొచ్చే బస్సు ఆమెది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి ఆ బస్సులో కాలు మోపే సందు ఉండటం లేదు. ఒకరోజు ఆ ఇరుకులో ఎవరి మోచెయ్యో తగిలి ఎడమ రొమ్ము కలుక్కుమంది. సాయంత్రం స్నానం చేస్తూ తడిమి చూసుకుంటే వేళ్లకు గడ్డ దొరికింది. రేగుపండంత ఉంది. నొక్కితే కదలడం లేదు.

చీర కట్టుకుని వంటింట్లోకి పోయి చపాతీలు చేసింది. భర్త విజయ్‌కి, కూతురు అమూల్యకి వడ్డించింది. విజయ్‌ది ఫోన్లు బాగుచేసే దుకాణం. ఆ పొద్దు ఎవరో గిరాకీ గొడవ పెట్టుకున్నాడట, తింటున్నంతసేపూ అదే చెప్పాడు. అతను అంతే. తలనొప్పి వచ్చినా, దుకాణంలో కరెంటు పోయినా ఇంటికొచ్చి చెప్తాడు, పెబ్బేరులో ఉన్న తల్లి లలితమ్మకు ఫోన్ చేసి చెప్తాడు, చివరికి ఎదురింటివాళ్లకు కూడా చెప్తాడు. చెప్పేసి హాయిగా పడుకుంటాడు. అదెలా చేతనవుతుందో సౌందర్యకు ఎప్పుడూ అర్థం కాలేదు.

"నువ్వేంది, గట్లున్నవ్?" అని అడిగాడు చెయ్యి కడుక్కుంటూ.

"ఏం లేదు. మంచిగనే ఉన్న."

వారం తిరిగేలోపు వనపర్తిలోనే ఒక డాక్టరమ్మకు చూపించుకుంది. ఆమె స్కానింగు చూసి, గడ్డ తీసి పరీక్షకు పంపాలని, పాలమూరు పెద్ద దవాఖానకు పొమ్మని చెప్పింది. ఆలస్యం చెయ్యొద్దని రెండుసార్లు అంది. సౌందర్య తలూపి, అటునుంచి అటే డ్యూటీకి పోయింది.

ఆ మధ్యాహ్నం గద్వాల బస్టాండులో బస్సు ఆగి ఉంది. డ్రైవరు ఇక్బాల్ రెండు చాయ్‌లు తెచ్చి ఒకటి ఆమె చేతికిచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఇద్దరూ చాలా ఏళ్లుగా ఒకే బస్సు మీద పనిచేస్తున్నారు.

"ఏమైంది బేటా? పొద్దుగాల్నుంచి చూస్తున్న, చెయ్యి చాతి మీదికెల్లి తీస్తలేవు."

"ఎండకు జర మంట లేసింది ఇక్బాల్ భాయ్."

"ఇంట్ల ఏమన్న పరేషానా?"

"లేదు లేదు."

ఆయన కాసేపు ఆమె ముఖం వైపు చూసి, గ్లాసు ఖాళీ చేసి, బస్సెక్కాడు. ఆమె కూడా ఎక్కి విజిల్ వేసింది.

సౌందర్య పుట్టింది కొల్లాపూర్ దగ్గరి పల్లెలో. తల్లి హన్మమ్మ, తండ్రి చెన్నయ్య ఏటా దసరా పోయినాక మేస్త్రీ లారీలో పుణెకు పోయేవాళ్లు. అక్కడ బిల్డింగులు కట్టే పని. వానలు పడేముందు తిరిగొచ్చేవాళ్లు. ఆ మధ్యలో పిల్లను నాయనమ్మ మల్లమ్మ చూసేది. మల్లమ్మ చెడ్డది కాదు. వేళకు అన్నం పెట్టేది, తలకు నూనె రాసేది. దగ్గరికి మాత్రం తీసుకునేది కాదు. పిల్ల ఏడిస్తే, "ఏడిస్తే ఎవలొస్తరు?" అనేది. అది తిట్టు కాదు. నిజంగానే ఎవరూ రారని చెప్పడం, అంతే.

మొదటిసారి సౌందర్య లారీ దగ్గర తల్లి కొంగు వదల్లేదు. హన్మమ్మ లారీ దిగింది. మేస్త్రీ అరిచాడు, తండ్రి అరిచాడు. దిక్కుతోచక హన్మమ్మ పిల్ల వీపు మీద ఒకటి చరిచి, తనే గట్టిగా ఏడుస్తూ మళ్లీ లారీ ఎక్కింది. తను ఏడ్చినందుకే అమ్మ ఏడ్చిందని ఆ పిల్లకు అర్థమైంది. మరుసటేడు నుంచి, పోయే పొద్దున ఆమె కళ్లు మూసుకుని పడుకునేది. నిద్ర వచ్చేది కాదు. అమ్మ మంచం పక్కన నిలబడటం, కాసేపటికి గాజుల చప్పుడు వాకిలి దాటడం వినిపించేవి. లారీ శబ్దం పూర్తిగా ఆగిపోయాకనే కళ్లు తెరిచేది.

అప్పుడప్పుడు ఊళ్లో కిరాణా కొట్టుకు ఫోన్ వచ్చేది. ఒకసారి జ్వరంగా ఉందని చెప్తే అటువైపు హన్మమ్మ మాట్లాడలేకపోయింది. ఏడుపు ఒక్కటే వినిపించి, లైను తెగిపోయింది. ఆ తర్వాత "మంచిగున్నవా బిడ్డా?" అని అమ్మ ఎప్పుడు అడిగినా "మంచిగున్న" అనే చెప్పింది. పరీక్ష తప్పినప్పుడూ అదే. పెద్దమనిషైన రోజు నాయనమ్మ ఊళ్లో లేకపోతే ఒక్కతే భయపడి ఇంట్లో కూర్చున్నప్పుడూ అదే. ఇప్పుడు అమూల్య కిందపడి ఏడిస్తే సౌందర్యకు గుండెలు దడదడలాడతాయి. ఎత్తుకోవాలని తెలుసు, కాళ్లు కదలవు. ఎప్పుడూ విజయే పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంటాడు.

పాలమూరు పోయేరోజు ఆమె చీర మీద ఖాకీ చొక్కా వేసుకుని, డ్యూటీకని చెప్పి ఇల్లు దాటింది. దవాఖానలో పేరు రాయించుకుంది. రక్తపరీక్షలు అయ్యాయి. నర్సు వచ్చి అడిగింది.

"ఎంబడి ఎవరొచ్చిండ్రమ్మా?"

"ఎవరు రాలే. నేనొక్కదాన్నే."

"మత్తిచ్చి చేసేది. పక్కన మనిషి లేంది థియేటర్ల పండవెట్టరు. మీ ఆయనకు ఫోన్ చెయ్యి."

సౌందర్య వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఫోన్‌లో విజయ్ పేరు తీసింది. అతను గాబరాపడతాడు, ఊరందరికీ చెప్తాడు, అతన్ని తనే ఊరుకోబెట్టాలి. అంత ఓపిక లేదు. ఇక్బాల్ భాయ్ బస్సు మీద ఉంటాడు. ఇంకెవరున్నారని ఆలోచించింది. రోజూ వందలమంది మొహాలు చూస్తుంది, ఒక్క పేరు తోచలేదు. ఇంటికి తిరిగిపోదామని లేచి, గేటు దాకా పోయి, ఎండలో కాసేపు నిలబడి, తల్లికి ఫోన్ చేసింది.

తండ్రి చనిపోయాక హన్మమ్మ వలస మానేసింది. కొల్లాపూర్ మామిడితోటల్లో కూలికి పోతోంది.

"మంచిగున్నవా బిడ్డా?"

సౌందర్య "మంచిగున్న" అనబోయి ఆగింది. "మంచిగ లేనమ్మా" అంది చివరికి.

అటువైపు తోటలో ఎవరో నవ్వుతున్నారు. హన్మమ్మ ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"యాడున్నవ్?"

"పాలమూరుల. దవాఖానల."

"ఆడనే కూసో. యాడికి పోకు. నేనొస్తున్న."

నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి ఆమె వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పనిలోంచి అట్లాగే వచ్చింది. చేతుల మీద మామిడి సొన నల్లగా ఎండిపోయి ఉంది. ఏమైందని అడిగి, మొత్తం విని, కూతురు పక్కన కూర్చుంది. ఏడవలేదు. సౌందర్య అదే కనిపెడుతూ ఉంది, ఏడుస్తుందేమోనని.

"విజయ్‌కు ఎర్కేనా?"

"చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"తెల్వదమ్మా. నాకు చెప్పుడు రాదు."

హన్మమ్మ అరచేతిలోని సొన మచ్చను గోటితో గీకింది. తర్వాత నెమ్మదిగా అంది.

"మేం పుణెకు పోయేనాడు నువ్వు పండుకునేదానివి కాదు. నాకు తెల్సు."

సౌందర్య తల తిప్పింది.

"కండ్లు మూస్కునేదానివి గానీ రెప్పలు కదులుతుండె. నేను సూసిన. ఏటా సూసిన. పలకరిస్తే ఇగ నేను పోలేనని పలకరియ్యలే."

"తెల్సి పోయినవా?"

"తెల్సే పోయిన."

సౌందర్యకు ఒంట్లోంచి ఏదో వేడిగా లేచింది. కోపమే అది. ఇన్నేళ్లూ అమ్మకు కష్టం కలగకూడదని కళ్లు మూసుకున్నానని అనుకుంది. అమ్మ నిలబడి చూస్తూనే ఉందట. "ఒక్కసారన్న పిలవకపోతివి" అంది. గొంతు తనదిలాగే లేదు. పక్క బెంచీవాళ్లు చూశారు. "ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే సచ్చిపోతుంటివా?"

హన్మమ్మ చెయ్యి చాచి కూతురు భుజం మీద వేసింది. సౌందర్య ఆ చేతిని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. లోపల్నుంచి నర్సు ఆమె పేరు పిలిచే దాకా అట్లాగే కూర్చున్నారు.

మత్తు దిగి కళ్లు తెరిచేసరికి మంచం పక్కన విజయ్ ఉన్నాడు. హన్మమ్మే ఫోన్ చేసి పిలిపించిందట. దుకాణంలో వేసుకున్న చొక్కాతోనే వచ్చాడు. అరుస్తాడని ఆమె అనుకుంది. అరవలేదు. నీళ్ల సీసా చేతిలో పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. అతను అంతసేపు మౌనంగా ఉండటం ఆమె పెళ్లైన కాడ్నుంచీ చూడలేదు.

"నేనేం తక్కువ చేసిన?" అన్నాడు చాలాసేపటికి.

"నువ్వేం తక్కువ చెయ్యలే."

"మరి మీ అమ్మ చెప్తే తెల్వాల్నా నాకు?"

ఆమె పక్కకు ఒత్తిగిలబోయింది. కుట్ల దగ్గర సలుపుతోంది. "నొస్తుందా?" అని అతను అడిగితే లేదని తల అడ్డంగా ఊపింది. ఊపినాక అతని ముఖం చూసి, అబద్ధమాడానని తనకే అనిపించింది. అయినా మాట బయటికి రాలేదు.

పరీక్ష ఫలితం మంచిది రాలేదు. తొందరగా దొరికిందని, నయమవుతుందని, కానీ ఇంకో ఆపరేషను చేసి నెలల తరబడి మందులు ఎక్కించాలని డాక్టరు చెప్పాడు. విజయ్ ప్రతిసారీ వెంట వచ్చాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టేవాడు, వాంతి రాకుండా నిమ్మకాయ తెచ్చిచ్చేవాడు. ఊరందరికీ చెప్పడం మాత్రం మానేశాడు. తన మాటలు ఆమెను ఎక్కడ నొప్పిస్తాయోనని భయపడుతున్నట్టు, ఇంట్లో కూడా తక్కువ మాట్లాడుతున్నాడు. అతని నోరు తను మూయించినట్టయిందని సౌందర్య కుమిలింది. అదీ చెప్పలేకపోయింది. హన్మమ్మ రెండు వారాలుండి, వండిపెట్టి, బట్టలుతికి, తోట పనికి తిరిగి పోయింది. మళ్లీ ఆ పాత మాట ఎవరూ ఎత్తలేదు.

వానాకాలం మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం. అమూల్య బడికి పోయింది. మందు ఎక్కించుకుని వచ్చిన మరునాడు, నోరంతా చేదుగా ఉంది. సౌందర్య గోడల మీద ఎండ కదులుతుంటే చూస్తూ పడుకుంది. లేచి దుప్పటి మడత పెట్టింది. మళ్లీ విప్పి పరిచింది. వంటింట్లోకి పోయి, ఎందుకొచ్చిందో మర్చిపోయి నిలబడింది. తర్వాత ఫోన్ తీసి విజయ్‌కి చేసింది.

"జర ఇంటికొస్తవా?"

"ఏమైంది? వాంతులైతున్నయా? ఆటో తేవాల్నా?"

"ఏం కాలే." అంతటితో ఆపెయ్యబోయింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది, అతను ఎదురుచూస్తున్నాడు. "ఒక్కదాన్ని ఉండబుద్ధైతలేదు. భయమైతుంది."

"వస్తున్న" అన్నాడు.

షట్టరు దించి వచ్చాడు. వచ్చాక ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. అతను ఫ్యాను వేగం పెంచాడు. ఎక్కువైందేమోనని తగ్గించాడు. మంచం చివర కూర్చుని, ఏం తింటావని అడిగాడు. ఏమీ వద్దంది. పక్కన మనిషి ఉండగా ఏ పనీ చెయ్యకుండా పడుకోవడం ఆమెకు ఇబ్బందిగా ఉంది. నువ్వు దుకాణానికి పో, నేను మంచిగనే ఉన్న అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. నోరు మూసుకుంది.

"ఒక ముసలాయన ఫోన్ తెచ్చిండు పొద్దుగాల" అని మొదలుపెట్టాడు విజయ్ మెల్లగా, ఆపమంటుందేమోనని చూస్తూ. "నీళ్ల తొట్టిల పడ్డదంట. ఎండకు ఆరవెట్టి, మళ్లా బియ్యంల పెట్టి, మళ్లా ఎండకు పెట్టిండట..."

"మరి మోగుతుందా?"

"యాడ మోగుతది!"

అతను ఆ ముసలాయన గురించి చెప్తూనే ఉన్నాడు. భయం పోలేదు. ఒంటరితనం కూడా పూర్తిగా పోలేదు, గదిలో ఒక మూలన అది ఉన్నట్టే ఉంది. సౌందర్య గోడ వైపు తిరగకుండా, అతని వైపే పడుకుని విన్నది.