ఒక్కసారే అడిగారు

ఇళ్ళలో వంటలు చేసే ఒకావిడ ఉండేది. లేతు మిషను మీద పనిచేసే ఆవిడ మొగుడికి ఉన్న ఊళ్ళో పని పోయి, కాపురం కొత్త ఊరికి మారింది. సామాను మోసుకురావడం ఒక లెక్కా? అసలు కష్టం కూతురికి వచ్చింది. ఇంట్లో అందరూ పిట్ట అని పిలిచే ఆ పిల్ల, పాత బడిలో తనకంటే పెద్దపిల్లల మధ్య కూర్చుని లెక్కలు చేసేది. కొత్త బడివాళ్ళు తీసుకెళ్ళి మామూలు తరగతిలో పడేశారు. పిట్ట క్షణంలో లెక్క ముగించి, మిగతావాళ్ళు చేసేదాకా గోడకేసి చూస్తూ కూర్చునేది. రానురాను ఇంట్లో మాటలే తగ్గించేసింది. కంచం ముందు కూర్చున్నా ధ్యాస ఎక్కడో ఉండేది.

తల్లి అది చూస్తూ ఊరుకోలేకపోయింది. రెండిళ్ళలో వంట ముగించి, తడిచేతులు తుడుచుకుంటూనే బడికి పరిగెత్తేది. అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసులో చేర్చండమ్మా అంటూ హెడ్మిస్ట్రెస్ గది చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. "మళ్ళీ తయారా తల్లీ!" అని ప్యూను వెక్కిరించినా పట్టు వదల్లేదు.

ఎట్టకేలకు పరీక్ష పెట్టారు. లెక్కల మాస్టారు పరుగున బయటికొచ్చాడు.

"ఏం పిల్లమ్మా నీ పిల్ల! ఒక్కటే సీటుంది. ఈ ఏడు చేరకపోతే పై ఏడు తీసుకోరు. లోపల మేడంగారు ఒక మాట అడుగుతారు, అంతే."

తల్లి కళ్ళొత్తుకుంది. హమ్మయ్య, గట్టెక్కాం అనుకుంది.

హెడ్మిస్ట్రెస్ చెడ్డమనిషి కాదు, అదే కొంప ముంచింది. అంతకుముందు అమ్మానాన్నల పోరు పడలేక ఆ క్లాసులో చేరిన పిల్లాడొకడు మంచం పట్టాడట. అప్పట్నుంచీ పిల్లల్ని విడిగా అడగనిదే ఆవిడ ఎవర్నీ చేర్చుకోదు. అందుకని తల్లిని బయటే ఉండమంది.

కాసేపటికి పిట్ట తల వంచుకుని బయటికొచ్చింది. వెనకే హెడ్మిస్ట్రెస్.

"పాపకి ఇష్టం లేదమ్మా. చేరతావా అంటే, వద్దండీ అంది."

తల్లి ఆవిడకి అడ్డంపడింది. "అది మొహమాటమండీ! ఇంకొక్కసారి అడగండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"మీ ఎదురుగా అడిగితే మీకోసం ఒప్పుకుంటుంది. పసిదాన్ని నలపకండి" అని ఆవిడ నెమ్మదిగా తలుపు వేసుకుంది. ఆ సీటు ఆ పూటే ఇంకో పిల్లకి వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే తల్లి పిల్ల వీపు మీద ఒక్కటి చరిచింది. "నీకేం పోయేకాలమే! వద్దని ఎందుకన్నావు?"

"నువ్వే కదమ్మా చెప్పావు" అంది పిట్ట వెక్కుతూ. "ఎవరేమిస్తామన్నా ముందు వద్దనాలి, మళ్ళీ అడిగితేనే పుచ్చుకోవాలని. మేడంగారు మళ్ళీ అడుగుతారని అక్కడే నిలబడ్డాను. అడగలేదు."

అవును మరి, నేర్పింది తనే. వంట చేసే ఇళ్ళకి పిల్లని వెంటబెట్టుకెళ్ళేది. ఇంటావిడ తినడానికేదో ఇవ్వబోతే పిల్ల ఠక్కున చెయ్యి చాపుతుందేమో, తిండికి మొహం వాచినవాళ్ళనుకుంటారేమో అని హడలిపోయేది. తొడపాశం పెట్టి మరీ నేర్పింది. ఎంత బుద్ధిమంతురాలో అని ఆ ఇళ్ళవాళ్ళు మెచ్చుకుంటే పొంగిపోయింది కూడాను. పరువు కాపాడుకున్నాననుకుంది, పిచ్చిది!

పిల్లని ఒళ్ళోకి లాక్కుని, వీపు నిమురుతూ భోరుమంది. "ఇకమీదట అలా అనకు తల్లీ. ఎవరడిగినా కావాలనే చెప్పు. మొదటిసారే చెప్పు."

పిట్ట ఏడుపు ఆపి తల్లి మొహంలోకి చూసింది.

"ఇంకెవరడుగుతారమ్మా?"