చిట్కాలక్క పక్క కుర్చీ

ఆ డ్రాయింగ్ ఆఫీసులో ఆమెను అందరూ చిట్కాలక్క అనేవాళ్లు. ఇళ్లకూ, దుకాణాలకూ ప్లాన్లు గీసే ఆఫీసు అది. బల్ల మీద కాగితం పరిచి పెన్సిలుతో గీసే రోజుల్లో చేరి, కంప్యూటర్లు వచ్చాక అందరికంటే ముందు వాటికి అలవాటు పడిన మనిషి. ఎడమచెయ్యి కీబోర్డు మీంచి లేచేది కాదు, కుడిచెయ్యి మౌస్ వదిలేది కాదు. పక్కవాళ్లు తెర మీది బొమ్మల్లో ఏది నొక్కాలా అని వెతుక్కునేలోపు ఆమె రెండక్షరాలు కొట్టి గోడ లేపేది, ఇంకో రెండు కొట్టి దానికి కిటికీ పెట్టేది.

ఆమె సీటు పక్కన ఇంకో కుర్చీ ఉండేది. ఎవరిదీ కాదు. కానీ అది ఖాళీగా ఉండటం ఎవరూ పెద్దగా చూడలేదు.

"అక్కా, ఈ గీతలు కలిసినట్టే ఉన్నాయి, దగ్గరికి వెళ్లి చూస్తే వెంట్రుకవాసి సందు కనిపిస్తోంది" అంటూ ఒకరు వచ్చి కూర్చునేవాళ్లు.

"కంటితో చూసి కలపకు నాయనా. స్నాప్ వేసుకో. గీత చివర దానంతటదే పట్టుకుంటుంది."

పని రెండు నిమిషాల్లో తేలిపోయేది. మనిషి మాత్రం వెంటనే లేచేవాడు కాదు. స్తంభాలు, దూలాల లెక్కలు చూసే కుర్రాడు ఒకడుండేవాడు, అతన్ని ఆమె స్తంభాల తమ్ముడు అని పిలిచేది. చంటిపాప రాత్రంతా ఏడుస్తోందనీ, భార్యాభర్తలిద్దరూ వంతులు వేసుకుని ఎత్తుకు తిప్పుతున్నామనీ అతను ఆ కుర్చీలోనే చెప్పుకునేవాడు. కొత్తగా చేరిన అమ్మాయి తన గదిలో ఉండే స్నేహితురాలితో వచ్చిన తగువులు చెప్పేది. చిట్కాలక్క తన సంగతులు పెద్దగా చెప్పేది కాదు. చెప్పడానికేమున్నాయి? తల్లి పోయాక ఇల్లంటే రెండు గదులూ, ఒక గోడ గడియారమూ. ఆదివారాలు చెల్లెలు ఫోన్ చేసేది. మిగతా రోజుల్లో సాయంత్రం తలుపు వేసుకుంటే, మళ్లీ పొద్దున ఆఫీసులో "రా, కూర్చో" అనేదాకా నోరు తెరిచే పనే ఉండేది కాదు.

ఒకరోజు పెద్దసారు పిలిచాడు. ఆఫీసు ఆయనదే.

"అమ్మా, నువ్వు ఒక్కరోజు సెలవు పెడితే వీళ్లంతా కాళ్లూ చేతులూ ఆడక కూర్చుంటున్నారు. నీకు తెలిసినవన్నీ ఒక ఫైల్లో పెట్టి, అందరికీ ఒకసారి నేర్పెయ్యి. మాటిమాటికీ నీ దగ్గరికి పరుగెత్తే బాధ తప్పుతుంది. నీ టైమూ మిగులుతుంది."

ఆమెకు కొండంత సంబరమైంది. ఇన్నేళ్లలో తన పనిని పనిగా చూసి ఎవరూ అలా అడగలేదు. కూడబెట్టిన చిట్కాలన్నీ ఓపిగ్గా ఒకచోట చేర్చింది. చిన్నచిన్న సందేహాలు కూడా వదల్లేదు. అందరికీ పనికొచ్చేలా ఒక టెంప్లేట్ తయారుచేసింది, అంటే కొత్త డ్రాయింగ్ మొదలుపెట్టేవాడికి సగం పని ముందే అయి ఉంటుంది. తర్వాత ఒక మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"గీసేటప్పుడు అసలు కొలతలోనే గీయండి. చిన్నది చేయడం ప్రింటు తీసేటప్పటి పని. గోడలు ఒక లేయర్లో, తలుపులు ఒక లేయర్లో, రాతలు ఇంకో లేయర్లో పెట్టండి. అన్నీ ఒకే మూటలో కడితే, ఒకటి దాచబోతే అన్నీ దాక్కుంటాయి. ఒకే మంచం పదిసార్లు గీయకండి, ఒకసారి గీసి బ్లాక్ చేసుకుంటే కావాల్సినచోటల్లా అదే దించుకోవచ్చు. చేతికి అలవాటైన పనులకు మీ సొంత అక్షరాలు పెట్టుకోండి. అన్ని డ్రాయింగుల్లోనూ ఉండాల్సినవి, తలుపుల కొలతల పట్టికలాంటివి, విడిగా ఒక ఫైల్లో పెట్టి మిగతావాటికి లింక్ ఇవ్వండి. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా మారిపోతుంది."

"ఇవన్నీ ముందే చెప్పుంటే నా జీవితంలో సగం మిగిలేదక్కా" అంది కొత్తమ్మాయి.

"నీకింకా సగం జీవితం ఎక్కడైందే" అంది చిట్కాలక్క. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి నడిచి వెళ్లింది, బస్సు ఎక్కాలనిపించలేదు.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. పెద్దసారు ముఖం వెలిగింది. అందరూ వేళకు ఇళ్లకు పోతున్నారు. చిట్కాలక్కకు మాత్రం మొదట ఏదో వెలితిగా తోచింది, ఏమిటో తెలియలేదు. మెడ నొప్పి పుడుతుంటే అర్థమైంది. ఇదివరకు ఎవరో ఒకరు వచ్చి కూర్చున్నప్పుడల్లా తల పక్కకి తిప్పేది. ఇప్పుడు పొద్దుటి నుంచీ తెరవైపే చూస్తోంది.

ఏరు దాటాక తెప్ప తగలేశారు అనుకోబోయి నాలుక కరుచుకుంది. వాళ్లేం తగలెయ్యలేదు. తెప్ప కట్టిచ్చింది తనే, దాటండర్రా అన్నదీ తనే.

ఉండబట్టలేక ఒకరోజు తనే లేచి స్తంభాల తమ్ముడి దగ్గరికి వెళ్లింది. ఊరికే ఎలా నిలబడటం? ఒక సందేహం కల్పించుకుంది.

"తమ్ముడూ, పాత ఫైళ్లలో పేరుకున్న చెత్తంతా ఒకేసారి తీసెయ్యడం ఎలా?"

అతను తెర మీంచి చూపు తిప్పకుండానే, "అది నువ్వు పెట్టిన ఫైల్లోనే ఉందక్కా, చివర్లో" అన్నాడు.

"అవును కదూ. మర్చేపోయాను." వెనక్కి తిరగబోయి, "పాప నిద్రపోతోందా ఇప్పుడు?" అంది.

"ఎప్పుడో మానేసిందక్కా ఆ ఏడుపు. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది."

"నడుస్తోందా?"

"ఆ. రెండడుగులు వేసి కూలబడుతుంది." నవ్వాడు. ఇంతలో అతనికి ఫోన్ వచ్చింది. ఆమె తిరిగి తన చోటికి వచ్చింది. పాప నిలబడటం, పడటం, అడుగు వేయడం, ఇన్ని జరిగాయన్నమాట. ఒక్కటీ తన చెవిన పడలేదు.

ఇంకో రోజు కొత్తమ్మాయి వచ్చింది. చిట్కాలక్క గబగబా మౌస్ వదిలి ఇటు తిరిగింది.

"అక్కా, ఈ కుర్చీ నువ్వు వాడట్లేదుగా? మా వైపు ఒకటి విరిగింది, తీసుకెళ్లనా?"

"తీసుకెళ్లమ్మా" అంది. అమ్మాయి దాన్ని తోసుకుంటూ పోయింది. చక్రాల చప్పుడు చివరిదాకా వినిపించింది.

వానలు మొదలయ్యాక కట్టుబడి దగ్గర్నుంచి మేస్త్రీ ఫోన్ చేశాడు. గోడల్లో వదిలిన ఖాళీలు పెద్దవి, వడ్రంగి తెచ్చిన తలుపు చట్రాలు చిన్నవి, రెండూ కుదరడం లేదట. వెతికితే తప్పు తలుపుల పట్టికలో దొరికింది. పడకగది తలుపు వెడల్పులో ఆమె ఒక అంకె తప్పు కొట్టింది. గోడలు ప్లాను చూసి కట్టారు, చట్రాలు పట్టిక చూసి చేశారు. ఆ పట్టిక అన్ని డ్రాయింగులకూ లింకై ఉంది కాబట్టి, తప్పు కూడా అన్నిటికీ పాకింది.

నిమిషంలో అంతా ఆమె చుట్టూ చేరారు. కూర్చోవడానికి చోటు లేక నిలబడ్డారు. స్తంభాల తమ్ముడు ఆమె కుర్చీ వీపు పట్టుకుని వంగి చూస్తున్నాడు. కొత్తమ్మాయి భుజం తగులుతోంది. పెద్దసారు కూడా వచ్చాడు. కోప్పడలేదు, "ఏం చేద్దామమ్మా?" అన్నాడంతే.

ఆమె ముఖం వేడెక్కింది. ఇన్నేళ్లలో ఇలాంటి తప్పు చేసి ఎరగదు. అయినా ఆ సిగ్గు అడుగున ఇంకేదో ఉంది. ఇంతమంది ఊపిరి తన చుట్టూ వినిపిస్తుంటే ప్రాణం లేచొచ్చినట్టుంది. అది తెలిసి, తప్పుకంటే దానికే ఎక్కువ సిగ్గుపడింది.

"ఒక్కొక్క డ్రాయింగూ తెరిచి చూడాలి, ఇవాళంతా పడుతుంది, కూర్చోండి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. పట్టిక ఫైల్ తెరిచి అంకె దిద్దింది. సేవ్ చేసింది. డ్రాయింగుల్లో లింకులు మళ్లీ తెప్పించింది. అన్నిటిలోనూ సరైన కొలత వచ్చి కూర్చుంది.

"అంతేనా?" అన్నాడు పెద్దసారు.

"అంతేనండి. చేసేసిన చట్రాలు స్నానాలగదులకు సరిపోతాయి, వడ్రంగికి చెప్తాను."

"నువ్వు చెప్పిన పద్ధతిలో పెట్టుకున్నాం కాబట్టి బతికిపోయామక్కా. లేకపోతే వారం పట్టేది" అన్నాడు స్తంభాల తమ్ముడు. కుర్చీ వదిలాడు. ఒక్కొక్కరే సర్దుకుని ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం తన సీటులో కూర్చుని అన్నం డబ్బా విప్పాలనిపించలేదు. దాన్ని పట్టుకుని లేచింది. చివరి గదిలో ఇటుకలకూ, ఇనుముకూ లెక్కలు కట్టే పెద్దావిడ ఒకామె ఉండేది. ఆమెకు గీయడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద ఉన్నా, ఇద్దరి మధ్యా వైశాల్యాల లెక్కలు తప్ప వేరే మాట నడవలేదు.

"ఏమైనా పనా?" అందావిడ.

"పనేం లేదండి. ఇక్కడ తిందామని."

ఆవిడ బల్ల మీది కాగితాలు పక్కకి జరిపింది. ఇద్దరూ తినడం మొదలుపెట్టారు. కిటికీకి వాన కొడుతోంది. చిట్కాలక్క ఏదైనా మాట కోసం వెతికింది, దొరకలేదు. ఆవిడ వెతికినట్టు కూడా లేదు.

చిట్కాలక్క డబ్బా ఖాళీ అవడం చూసి ఆవిడే అంది. "అప్పుడే తినేశావా?"

"అలవాటండి."

"నా పళ్లు బాగాలేవు. నాకు చాలాసేపు పడుతుంది. పనుంటే వెళ్లు."

పని ఉంది. అయినా ఆమె డబ్బాకు మూత పెట్టి, అలాగే కూర్చుంది. ఆవిడ నిదానంగా నములుతూ వానను చూస్తోంది. మర్నాడు కూడా మధ్యాహ్నం అయ్యేసరికి చిట్కాలక్క డబ్బా పట్టుకుని ఆ గదివైపే నడిచింది.