నాలిక మీది గవ్వ

జగ్గారావు చదివింది ఐదో తరగతి, చూసింది మాత్రం లక్ష గవ్వలు. అవుటర్ హార్బరు కట్టే రోజుల్లో బోరు గొట్టాల్లో పైకొచ్చిన బురద యూనివర్సిటీ ల్యాబుకి చేరేది. దాన్ని జల్లెడలో కడిగి ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెడితే గసగసాలంత గవ్వలు కనిపించేవి. లక్షల ఏళ్ల కిందట చచ్చిన సముద్రపు పురుగుల ఇళ్లవి. వాటి లాటిన్ పేర్లు అతనికి రావు. జంతిక, జీలకర్ర, బూరె అని తన పేర్లు తనకున్నాయి. కుంచె మొన నాలికతో తడిపి, గవ్వను దానికి అంటించి, జాతివారీగా పలక మీద పెట్టేవాడు. పన్నెండేళ్లుగా టెంపరరీ అటెండరే అయినా ఒక్క గవ్వ తప్పు వరసలో పెట్టలేదు.

ఒకనాడు ఏ పేరుకీ లొంగని గవ్వ దొరికింది. ప్రొఫెసర్ అచ్యుతరామయ్య పుస్తకాలన్నీ తిరగేసి, "ఇది లోకానికే కొత్తదిరా. పట్టింది నువ్వు, నీ పేరే పెడతాను" అన్నారు.

కొడుకు పేరు శాస్త్రంలోకి ఎక్కుతుందని తల్లి సన్యాసమ్మ మల్కాపురం వీధంతా బెల్లం పంచింది. ఇల్లలకగానే పండగ కాదని ఆ పిచ్చితల్లికి ఎవరు చెబుతారు?

ఏడాది తిరిగాక ల్యాబు చూడ్డానికి ఢిల్లీ నుంచి పెద్దలొచ్చారు. ఆ గవ్వను తీసి లెన్సు కింద పెట్టమన్నారు. పలక మీద కొత్త చీటీ ఉంది. జగ్గారావు పక్కనున్న రీసెర్చి స్కాలర్ గౌరీశ్వరిని అడిగాడు.

"అమ్మగారూ, నా పేరు ఇంగ్లీసులో ఎలాగుంటాదో ఓపాలి సదవండి."

ఆమె చదివి తల దించుకుంది. "నీది కాదు. సూర్యకాంతమ్మగారిది."

సూర్యకాంతమ్మ ప్రొఫెసరు గారి భార్య.

"అటెండరు పేరు పెడితే నవ్విపోతార్రా," అన్నారు అచ్యుతరామయ్య. "పండక్కి చొక్కా కుట్టిస్తాలే." పెద్దలు అప్పుడే నవ్వారు.

జగ్గారావు పలక మీదికి వంగాడు. కుంచె తడిపి గవ్వను అంటించాడు. లెన్సు దాకా తెచ్చి, కుంచెను మళ్లీ నోట్లో పెట్టుకుని గుటక వేశాడు.

"అలవాటండి," అన్నాడు.

చెంప ఛెళ్లుమంది. "వెధవా, బొమ్మా పేరూ పోయిన నెలే అచ్చయ్యాయి. గవ్వ పోయినా పేరు పోదు. పోయింది నీ ఉద్యోగం."

సాయంత్రం సన్యాసమ్మ వీధరుగు మీద పొరుగింటి గురువమ్మతో కూర్చుని ఉంది.

"ఆ పెద్దోల్లొచ్చారు కదా, నీ పేరెట్టీసారేటి నాయినా?"

"ఎట్టీసారమ్మా."

"గట్టిగా సెప్పరా. గురువమ్మకి సెవుడు."

జగ్గారావు వీధంతా వినేలా చెప్పాడు.